చెట్టు చేత పలక పట్టించిన పంతులుగారు

డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా తెస్తున్న ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం రాసి ఇవ్వమని సంపాదకవర్గం వారు నన్ను కోరారు. 1982లో అదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇచ్చిన సంగతి మనలో తెలియనివారు లేరు. కనుక ఆ తీర్పు గురించే రాస్తానని కొందరు మిత్రులు అనుకున్నారు. అయితే ముప్పై మూడేళ్ళు మార్కాపురం, తర్లుపాడు, కంభం, రాచర్ల, గిద్దలూరు పిల్లలకు జీవశాస్త్రం చెప్పిన పంతులును నేను. నాకు సర్ జగదీశ్ చంద్ర బోస్ గారే గుర్తుకు వచ్చారు. అందుకు కారణాలు రెండు. ఒకటి జీతం. రెండోది మన సంఘం ఆవరణలో ఉన్న వేపచెట్టు.

చెట్టు సంగతి ముందు చెబుతాను. పోయిన వేసవిలో హైదరాబాదులో చదువుకుంటున్న మా మనుమరాలు సెలవులకు వచ్చింది. వస్తూ వస్తూ అగ్గిపెట్టె కంటె కాస్త పెద్దదైన ఒక పెట్టె తెచ్చింది. దానికి రెండు తీగలు, వాటి చివర అంటించే బిళ్ళలు. ఇ.సి.జి. తీసేటప్పుడు మన ఛాతీకి అంటిస్తారే, అటువంటివే. వాటిని చెట్టు ఆకులకు అంటించి పెట్టెను సెల్‌ఫోనుకు కలిపితే, జలతరంగం వాయించినట్టు స్వరాలు వస్తున్నాయి. ఆ ఆదివారం మన నెలవారీ సమావేశం. ఆ రోజు ఎజెండాలో వేపచెట్టు కొట్టివేసి రేకుల షెడ్డు వేసే తీర్మానం ఉంది. అమ్మాయి పెట్టెతో సహా నా వెంట వచ్చి, సమావేశం మొదలు కాకముందే చెట్టు చేత పాడించింది. మనలో పెద్దవారు ఒకరు చేతులు జోడించారు. ఇంకొకరు ఇదంతా సెల్‌ఫోను మాయ అని నవ్వారు. చివరకు అందరూ నా వైపు తిరిగి, మాస్టారూ, మీరు చెట్ల గురించి చదువుకున్నవారు గదా, ఇది నిజంగా చెట్టు పాటేనా అని అడిగారు. ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాను. తీర్మానం వచ్చే నెలకు వాయిదా పడింది. ఆ ప్రశ్నకు జవాబు బోస్ గారి జీవితంలో నుంచే మొదలుపెట్టాలి కనుక ఈ వ్యాసం.

బోస్ గారు 1858 నవంబరు 30న మైమన్‌సింగ్‌లో జన్మించారు. అది నేడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి భగవాన్ చంద్ర బోస్ గారు డిప్యూటీ మేజిస్ట్రేటు, అంటే మనలాగే సర్కారు ఉద్యోగి. బ్రహ్మసమాజంలో ముఖ్యులు. ఆ రోజుల్లో ఆ హోదాలో ఉన్నవారు పిల్లలను ఇంగ్లీషు బడికి పంపడం మర్యాద. ఈయన మాత్రం కొడుకును బెంగాలీ బడిలో వేశారు. పక్కన కూర్చున్న పిల్లల్లో ఒకడు తండ్రిగారి దగ్గర పనిచేసే ముస్లిం నౌకరు కొడుకు, ఇంకొకడు బెస్తవారి పిల్లవాడు. పక్షులు, చేపలు, నీటి జీవాల కథలు వాళ్ళు చెబుతుంటే నోరు తెరుచుకుని విన్నానని, ప్రకృతి మీద తనకు మక్కువ పుట్టింది అక్కడేనని బోస్ గారు పెద్దయ్యాక తలచుకున్నారు. తరువాత కలకత్తా చదువు. సెయింట్ జేవియర్స్ కాలేజీలో ఫాదర్ లాఫాఁ అనే భౌతికశాస్త్ర గురువు దొరికారు. ప్రయోగం చేసి చూపిస్తూ పాఠం చెప్పడంలో ఆయన దిట్ట. ఆ పద్ధతే శిష్యుడికి జీవితాంతం అబ్బింది.

1880లో వైద్యం చదవడానికి లండన్ వెళ్ళారు గానీ, వెంటాడుతున్న జ్వరం, శవాలను కోసే గది వాసన పడక అది మానుకుని కేంబ్రిడ్జిలో ప్రకృతి శాస్త్రాలు చదివారు. 1884లో పట్టా పుచ్చుకున్నారు. మరుసటి సంవత్సరం తిరిగివచ్చి కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్ర ఆచార్యులుగా చేరారు.

మన సంఘం సభ్యులు తప్పక తెలుసుకోవలసిన ఘట్టం ఇక్కడే ఉంది. ఆ ఉద్యోగం ఆయనకు తేలికగా రాలేదు. ఇంగ్లండులో పోస్టుమాస్టర్ జనరల్‌గా ఉన్న ఫాసెట్ గారు, చూపు లేకపోయినా పెద్ద ఆర్థికవేత్త అని పేరున్నవారు, వైస్రాయి రిప్పన్ ప్రభువుకు సిఫారసు లేఖ ఇచ్చారు. అయినా విద్యాశాఖ పెద్దలు భారతీయులకు విజ్ఞానశాస్త్రం బోధించే శక్తి లేదని నమ్మినవారు. వైస్రాయి మాట కాదనలేక ఉద్యోగం ఇచ్చారు గానీ జీతం దగ్గర మెలిక పెట్టారు. అప్పటి రూలు ప్రకారం తెల్లవాడికి ఇచ్చే జీతంలో మూడింట రెండు వంతులే భారతీయుడికి. అందులోనూ బోస్ గారిది తాత్కాలిక నియామకం అని చెప్పి దాన్ని మళ్ళీ సగం చేశారు. అంటే ఒకే క్లాసు, ఒకే పాఠం, ఒకే సిలబసు, జీతం మాత్రం మూడో వంతు.

ఆయన ఏం చేశారనుకున్నారు? ఉద్యోగం మానలేదు. కోర్టుకు పోలేదు. అర్జీల మీద అర్జీలు పెట్టలేదు. ప్రతి నెలా జీతం తీసుకోవడం మానేసి, పాఠం మాత్రం ఒక్కరోజు కూడా మానకుండా మూడేళ్ళు పనిచేశారు. ఇంట్లో కలిమి ఉండి చేసిన పని కాదది. ప్రజలకు ఉపయోగపడాలని తండ్రిగారు మొదలుపెట్టిన పరిశ్రమలూ, వ్యాపారాలూ దెబ్బతిని ఇంటి మీద అప్పులు పేరుకుని ఉన్నాయి. 1887లో అబలాదేవి గారితో వివాహమైంది. కలకత్తా అద్దెలు భరించలేక గంగ అవతల చందర్‌నగర్‌లో కాపురం పెట్టారట. పడవకు బాడుగ దండగని చిన్న పడవ కొనుక్కుని, ఉదయం ఆయన ఈవలి ఒడ్డు చేరగానే ఆమే ఆ పడవ నడుపుకుంటూ ఇంటికి వెళ్ళేవారని ఆయన జీవిత చరిత్రలో ఉంది. ఆ ఇల్లాలు సామాన్యురాలు కాదు. కలకత్తా మెడికల్ కాలేజీలో ఆడపిల్లలను చేర్చుకోని రోజుల్లో 1882లో మన మద్రాసుకు వచ్చి మెడికల్ కాలేజీలో చదివారు. ఆరోగ్యం సహకరించక చదువు మధ్యలో ఆగింది. మద్రాసు రాష్ట్రంలో భాగంగా కర్నూలు జిల్లాలో ఉండిన మన మార్కాపురం, గిద్దలూరు తాలూకాల నుంచి చూస్తే, బోస్ గారి కుటుంబంతో మనకున్న దగ్గరి చుట్టరికం అదొక్కటే.

మూడేళ్ళు గడిచేసరికి పైవాళ్ళే మెత్తబడ్డారు. చేరిన తేదీ నుంచి పూర్తి జీతం లెక్కగట్టి ఎరియర్సు మొత్తం ఒకేసారి చెల్లించి, ఉద్యోగం ఖాయం చేశారు. ఆ డబ్బూ, అమ్మిన ఆస్తుల డబ్బూ తండ్రిగారి అప్పులకు కట్టారు. మిగిలినదాన్ని తరువాతి సంవత్సరాల్లో జీతం నుంచి తీర్చారు.

ఈ కథ నేను క్లాసులో ఏటా చెప్పేవాణ్ణి. చెప్పిన ప్రతిసారీ నాలో నేను తలదించుకునేవాణ్ణి. ఎందుకో ఇన్నాళ్ళకు రాస్తున్నాను. ఒకప్పుడు నాకూ, నా సహోపాధ్యాయుడికీ ఒకేసారి పే ఫిక్సేషన్ తప్పు పడింది. అడిగితే, ఇకముందు ఏమీ క్లెయిము చేయబోమని అండర్‌టేకింగు రాసిస్తే ప్రస్తుతం బిల్లు పాసవుతుందని ఒక కార్యాలయంలో చెప్పారు. మా పెద్దమ్మాయి పెళ్ళి కుదిరిన రోజులు. నేను సంతకం పెట్టాను. ఆయన పెట్టలేదు. పదకొండేళ్ళకు ఆయన ఎరియర్సు వచ్చాయి. అప్పటికి ఆయన లేరు. వారి శ్రీమతి గారు ఆ కాగితం తీసుకుని ట్రెజరీకి పోతుంటే తోడు వెళ్ళినవాణ్ణి నేనే. దారిలో ఆమె నన్ను ఒక్కమాటా అనలేదు.

సరే, బోస్ గారి దగ్గరకు వద్దాం.

ప్రెసిడెన్సీ కాలేజీలో పరిశోధనకు చోటు లేదు, నిధులు లేవు. ఇరవైనాలుగు చదరపు అడుగుల చిన్న గది, ఒక రేకుల పనివాడు, సొంత జీతం, ఇవే ఆయన పెట్టుబడి. 1894లో ముప్పై అయిదేళ్ళ వయసులో విద్యుదయస్కాంత తరంగాల మీద పని మొదలుపెట్టారు. కొద్ది మిల్లీమీటర్ల పొడవున్న తరంగాలను పుట్టించి, అవి గోడలనూ మనుషులనూ దాటిపోయి అవతల గదిలో గంట మోగించి తుపాకిమందు పేల్చేటట్టు కలకత్తా టౌన్‌హాలులో లెఫ్టినెంట్ గవర్నరు ముందు చేసి చూపించారు. 1897 జనవరిలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉపన్యసించారు. రేడియో తరంగాలను పసిగట్టే ఆయన గెలీనా పరికరానికి 1904లో అమెరికా పేటెంటు వచ్చింది. అదీ మిత్రుల పోరు పడలేక తీసుకున్నదే. జ్ఞానాన్ని సొంతం చేసుకుని డబ్బు చేసుకోవడం ఆయనకు గిట్టదు. రేడియో కీర్తి మార్కోనీకి పోయింది. ఆ వివాదం పెద్దది, దాని జోలికి పోను.

చెట్ల వైపు ఆయన ఎట్లా మళ్ళారన్నది నాకు ఇష్టమైన విషయం. తరంగాలను పట్టే లోహపు పరికరం చాలాసేపు పనిచేస్తే మందగించేది, కాసేపు వదిలేస్తే మళ్ళీ చురుకయ్యేది. అచ్చం అలసిన మనిషి కండరం మాదిరి. ఇంకొకరైతే పరికరం పాడైందని కొత్తది తెప్పించుకునేవారు. ఈయన, లోహం అలుస్తుందా అని ఆశ్చర్యపోయారు. లోహానికీ కండరానికీ మధ్య ఉన్న మొక్క సంగతేమిటి అని వెంటనే తోటలోకి నడిచారు. ఆకులు, కాడలు, దుంపలు తెచ్చి తీగలు తగిలించి చూశారు. గిల్లినా, వేడి తగిలినా, మందు పోసినా ప్రతి మొక్కలోనూ విద్యుత్తు కదలిక కనిపించింది. ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తికి మాత్రమే ఉన్నదని అనుకున్న గుణం కదలని మొక్కల్లోనూ ఉన్నదని ఆయన తేల్చారు. మత్తుమందు ఇస్తే ఆ స్పందన మందగించింది. విషం పోస్తే ఆగిపోయింది.

1901లో లండన్ రాయల్ సొసైటీ ముందు ఈ సంగతులు చెప్పినప్పుడు శరీరధర్మశాస్త్ర పండితులు మండిపడ్డారు. భౌతికశాస్త్రం వాడివి, మా పొలంలో నీకేం పని అన్న ధోరణి. ఆయన పత్రం అచ్చు కాకుండా ఆగిపోయింది. కలకత్తాకు తిరిగి రాకుండా అక్కడే ఉండి మళ్ళీ ప్రయోగాలు చేసి, 1902లో లినేయన్ సొసైటీ వారి ముందు నిరూపించి ఒప్పించారు. ఆ ఏడే ఆయన మొదటి పుస్తకం వెలువడింది. తరువాతి పుస్తకాల ఇంగ్లీషు దిద్దడంలో సోదరి నివేదిత ఎంతో శ్రమ పడ్డారు. ఆమె 1911లో డార్జిలింగులో బోస్ దంపతుల ఆశ్రయంలోనే కన్నుమూశారు.

ఇప్పుడు పలక సంగతి. మా నాయన మార్కాపురంలో పలకల పని చేసినవారు. గనిలో రాయి చీల్చడం, కోయడం, నునుపు చేయడం, చెక్క చట్రం బిగించడం, ఇవన్నీ చూస్తూ పెరిగాను. దేశమంతటా పిల్లలు అక్షరాలు దిద్దింది మన ఊరి రాతి మీదనే అని ఆయనకు గర్వం. అందుకే బోస్ గారి పరికరాల గురించి చదివినప్పుడు మొదట నా కళ్ళకు కట్టింది పలకే. ఆయన దీపపు మసి పట్టించిన గాజు పలక తయారు చేశారు. నల్లటి ఆ పలక ముందు సన్నని మీట. ఆ మీట రెండో కొన దారంతో ఆకుకు కట్టి ఉంటుంది. ఆకు కదిలితే మీట కదిలి మసి మీద తెల్లటి గీత పడుతుంది. చెప్పడానికి సులువే గానీ ఒక చిక్కు ఉంది. బలపంతో రాసిన ప్రతివాడికీ తెలుసు, రాతకు రాపిడి ఉంటుంది. మనిషి చేతికి ఆ రాపిడి లెక్కలేదు. ఒక చిన్న ఆకుకు అది కొండంత బరువు. పలకను తాకిన మీటను లాగే శక్తి ఆకుకు లేదు.

దీనికి బోస్ గారు కనిపెట్టిన ఉపాయం చూడండి. మీట పలకకు ఎప్పుడూ ఆని ఉండదు. సెకనుకు ఎన్నోమార్లు కంపిస్తూ, తాకీ తాకనట్టు తాకి, చుక్క పెట్టి వెనక్కు వస్తుంది. గీతకు బదులు చుక్కల వరుస, మన ఆడవాళ్ళు వాకిట్లో ముగ్గుకు చుక్కలు పెట్టినట్టు. రాపిడి పోయింది. పైగా రెండు చుక్కల మధ్య కాలం ఎంతో ముందే తెలుసు కనుక, మొక్కకు దెబ్బ తగిలిన ఎంతసేపటికి అది స్పందించిందో చుక్కలు లెక్కబెట్టి చెప్పవచ్చు. ఇదే రెజొనెంట్ రికార్డరు. దీని తరువాత మొక్క ఎదుగుదలను పదివేల రెట్లు పెద్దది చేసి చూపే క్రెస్కోగ్రాఫ్ వచ్చింది. కంటికి కనబడని పెరుగుదల కొద్ది నిమిషాల్లోనే పలక మీద కనబడేది. ఈ యంత్రాలన్నీ విదేశాల నుంచి దిగుమతి చేసినవి కావు, ఆయన దగ్గర తరిఫీదు పొందిన మన పనివాళ్ళ చేతుల్లో తయారైనవి.

నేను తరచు తలచుకునేది ఫరీద్‌పూర్ ఈతచెట్టు కథ. తుఫాను గాలికి ఒరిగిపోయిన ఆ చెట్టు ఉదయం తల పైకెత్తి, సాయంత్రం గుడి గంటలు మోగే వేళకు ఆకులు నేలకు ఆనేటట్టు వంగేదట. జనం దానికి మొక్కుకునేవారు, జబ్బులు నయమైనాయని చెప్పుకునేవారు. బోస్ గారు దానికి పరికరం కట్టాలని వెళ్ళారు. స్థలం ఆసామి ఒప్పుకోలేదు. సీమ యంత్రం తగిలితే చెట్టు మహిమ పోతుందని భయం. పరికరం ఈ దేశంలోనే తన ప్రయోగశాలలో తయారైందని, దాన్ని చెట్టుకు కట్టే సహాయకుడు పూజారి కొడుకేనని చెప్పి ఆయనను ఒప్పించారు. పరికరం పగలూ రాత్రీ రాసింది. చెట్టు గంటల కోసం వంగడం లేదు, ఉష్ణోగ్రతను బట్టి వంగుతున్నది. ఎండ ముదిరేకొద్దీ దిగుతుంది, రాత్రి చల్లబడేకొద్దీ లేస్తుంది. ఇంకా చూస్తే ఆ ఒక్క చెట్టే కాదు, మామూలు చెట్లూ మన కంటికి ఆననంత కొద్దిగా అదే పని చేస్తున్నాయి. ఆసామిని హేళన చేయకుండా, భక్తులను కసరకుండా, చెట్టు చేతనే జవాబు చెప్పించారు.

ఇంకొక ప్రయోగం మాత్రం చదవడానికి మనసు ఒప్పదు. మొక్కను నీటిలో ఉంచి నెమ్మదిగా వేడి పెంచుతూ పోతే అరవై డిగ్రీల దగ్గర అది ఒక్కసారిగా విలవిలలాడినట్టు కదిలి, ఆ తరువాత ఇక కదలదు. పలక మీద గీత ఒక్కసారి మలుపు తిరిగి ఆగిపోతుంది. దానినే ఆయన మొక్క మరణరేఖ అన్నారు.

1915లో ప్రెసిడెన్సీ కాలేజీ నుంచి రిటైరయ్యారు. ప్రభుత్వం ఆయనను పెన్షను మీద పంపకుండా పూర్తి జీతంతో గౌరవ ఆచార్యులుగా కొనసాగించింది. మూడో వంతు జీతంతో మొదలైన సర్వీసు అట్లా ముగిసింది. మనలో చాలామంది రిటైరైన మర్నాడు గడియారం వంక చూస్తూ కూర్చున్నవాళ్ళమే. ఆయన మాత్రం దాచుకున్నదీ, దాతలిచ్చినదీ కలిపి 1917 నవంబరు 30న, తన యాభై తొమ్మిదో పుట్టినరోజున, కలకత్తాలో బోస్ పరిశోధనా సంస్థను ప్రారంభించారు. రవీంద్రనాథ్ ఠాగూరు గారు ఆ వేళకు పాట రాసి ఇచ్చారు. సంస్థ చిహ్నం వజ్రాయుధం, దధీచి మహర్షి ఎముకల కథ తలచుకుని పెట్టుకున్నది. ఆ సంవత్సరమే సర్ బిరుదు వచ్చింది. 1920లో క్రెస్కోగ్రాఫ్ మీద లండన్‌లో అనుమానాలు లేచినప్పుడు నిపుణుల ముందు మళ్ళీ పరీక్షకు నిలబెట్టి నెగ్గారు. అదే ఏడు, ఒకప్పుడు ఆయన పత్రాన్ని ఆపిన రాయల్ సొసైటీయే సభ్యత్వం ఇచ్చింది.

ఆయన చెప్పినవన్నీ నిలిచాయని నేను చెప్పను. వేళ్ళ నుంచి నీరు పైకెక్కడానికి కాండంలోని కణాలు గుండెలా కొట్టుకోవడమే కారణమని ఆయన వాదించారు. అది తప్పని తేలింది. ఆకుల నుంచి నీరు ఆవిరైపోతూ పైకి లాగడమే ముఖ్య కారణమని ఈనాటి పాఠం. లోహాలకూ జీవం ఉన్నదన్నట్టు ఆయన చేసిన పోలికలు శాస్త్రజ్ఞులు మెచ్చలేదు. అయితే మొక్కల్లో విద్యుత్ సంకేతాలు పారుతాయన్న ఆయన మూలసూత్రం నిలబడింది. ఆనాడు వెక్కిరించిన శాస్త్రమే తరువాత దాన్ని చేరదీసింది. 1937 నవంబరు 23న, డెబ్బై తొమ్మిదో పుట్టినరోజుకు వారం ముందు, నేటి ఝార్ఖండ్‌లోని గిరిడీలో ఆయన కాలం చేశారు.

ఆయన మొక్క చేత రాయించారు, పాడించలేదు. పాట వేరేవాళ్ళ పని. 1970లలో అమెరికా, ఐరోపాల్లో కొందరు కళాకారులు మొక్కలకు తీగలు తగిలించి ఆ విద్యుత్తు కదలికలను యంత్రాల ద్వారా స్వరాలుగా మార్చడం మొదలుపెట్టారు. 1979లో మొక్కల రహస్య జీవితం గురించిన ఒక చలనచిత్రానికి, పుట్టు అంధుడిలాగే పెరిగిన అమెరికా గాయకుడు స్టీవీ వండర్ సంగీతం కూర్చారు. ఆ పాటల్లో ఒకటి బోస్ గారి గురించీ, వేరుశనగ మీద పరిశోధన చేసిన నీగ్రో శాస్త్రజ్ఞుడు కార్వర్ గారి గురించీ. 2011లో ట్రౌబెక్ అనే కళాకారుడు చెట్టు మొద్దును పల్చగా కోసి గ్రామఫోను రికార్డులాగా తిప్పి, దాని వలయాలను పియానో స్వరాలుగా వినిపించారు. మా మనుమరాలి పెట్టె ఈ వంశంలోదే.

చెట్టు సొంతంగా చేసే చప్పుడు కూడా ఒకటుంది. 1966లో మిల్‌బర్న్, జాన్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, నీరు చాలక వాడుతున్న ఆముదం మొక్కలో చిటచిటమనే కంపనాలను పరికరంతో పట్టుకున్నారు. మన మెట్ట చేలల్లో పండే ఆముదమే. దారువులోని సన్నని నాళాల్లో నీటి తీగ దప్పికకు బిగిసి బిగిసి తెగి, గాలి బుడగ ఏర్పడినప్పుడు వచ్చే చప్పుడు అది. 2023లో ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం వారు టమాటా, పొగాకు మొక్కలు నీళ్ళు లేనప్పుడు ఇటువంటి టిక్కుటిక్కులు ఎన్నో చేస్తాయని, నీళ్ళున్న మొక్క గంటకు ఒకటి కూడా చేయదని రికార్డు చేసి చూపారు. అవి 40 వేల హెర్ట్జ్ పైమాట. మనిషి చెవి 20 వేల దగ్గరే ఆగిపోతుంది. నా వయసు చెవి అందులో సగానికి కూడా రాదు.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్లుపాడు దగ్గర మా తమ్ముడికి నాలుగెకరాల బత్తాయి తోట ఉండేది. బోర్లు ఒకదాని వెంట ఒకటి ఎండిపోయిన ఏడు, ట్యాంకర్లతో కొన్నాళ్ళు తడిపి, చేతులెత్తేసి, కాపు మీదున్న చెట్లు కొట్టించి కట్టెలకు తోలించాడు. అంతకు ముందు నెల రోజులపాటు మేమిద్దరం సాయంత్రాలు ఆ చెట్ల మధ్యనే మంచం వేసుకుని కూర్చునేవాళ్ళం. ఎంత నిశ్శబ్దంగా ఉందన్నా అని మా తమ్ముడు అన్నది గుర్తుంది. చెట్టు ఏడ్చిందని నేను రాయను, అది శాస్త్రం కాదు. నాళాల్లో బుడగలు చిట్లాయి, అంతే. కాని మా చుట్టూ ఆ చప్పుడు ఉండే ఉంటుంది.

ఇక సభ్యులు అడిగిన ప్రశ్న. పెట్టె చేసే పని ఏమిటంటే, రెండు బిళ్ళల మధ్య ఆకులో విద్యుత్తు పారే తీరు క్షణక్షణం మారడాన్ని కొలిచి, ప్రతి మార్పుకూ ఒక స్వరం కేటాయిస్తుంది. మార్పు ఆకుది. స్వరం ఎవరో ఇంజనీరు ఎంచి పెట్టినది. అతను మోహన రాగం ఎంచి ఉంటే మన వేప మోహన పాడేది. బోస్ గారైతే ముందు ఏం చేసేవారో అదే నేనూ చేశాను. మనుమరాలు నిద్రపోయాక బిళ్ళలు ఒక తడిగుడ్డకు అంటించాను. అదీ పాడింది! చెట్టంత బాగా కాదు, మధ్య మధ్య ఆగి ఆగి. పొద్దున్నే చెబితే అమ్మాయి చిన్నబుచ్చుకుంది. కాఫీ తాగేదాకా తాతయ్యతో మాట్లాడలేదు. ఆ తరువాత తనే, అయితే గుడ్డకూ ఆకుకూ తేడా ఎంతో కొలుద్దామని నోటుబుక్కు తీసింది.

కొలవడం మంచి పనే. అయితే చెట్టు పాడుతుంది కనుక ఉంచండి అని మీ ముందు వాదించడం నాకు ఇష్టం లేకపోయింది. రేపు పెట్టె పాడైతే చెట్టు కూడా పోతుంది గదా. అందుకని అటకమీద నుంచి మా నాయన చేతి పలక ఒకటి దింపాను. బడి నుంచి రిటైరైనప్పుడు పిల్లలిచ్చిన థర్మామీటర్లు రెండున్నాయి. ఒకటి వేపచెట్టు కింద మనం కుర్చీలు వేసుకునే చోట, రెండోది పక్కింటివారి రేకుల వసారాలో వారి అనుమతితో వేలాడదీశాను. పది రోజులు మధ్యాహ్నం రెండింటికి, సాయంత్రం అయిదింటికి వెళ్ళి అంకెలు పలక మీద రాశాను. అమ్మాయి ఉన్నన్నాళ్ళు తనూ వచ్చింది, గొడుగు పట్టుకుని. ఒక్కరోజు కూడా రేకుల కింది అంకె చెట్టు కింది అంకెకు తగ్గలేదు. మధ్యాహ్నం రెండింటికి తేడా చూసి, ఇంక ఆ వసారాలో కూర్చోనని పక్కింటి పెద్దావిడ మా కుర్చీల దగ్గరకే వచ్చేసింది.

తరువాతి సమావేశంలో ఆ పలక చదివి వినిపించాను. వాదన కాసేపు జరిగింది. వానాకాలం సంగతేమిటని కోశాధికారి గారు అడిగినది న్యాయమైన ప్రశ్నే. చివరకు షెడ్డు ఉత్తరపు గోడకు ఆనించి సగం కొలతకు వేసుకుందామని, చెట్టు జోలికి పోవద్దని తీర్మానం అయింది. ముగ్గురు వ్యతిరేకించారు, వారి పేర్లు మినిట్స్‌లో ఉన్నాయి, వారిలో ఒకరు రోజూ ఆ నీడలోనే పేపరు చదువుతారు.

పలక ఇప్పుడు మన ఆఫీసు గదిలో లైఫ్ సర్టిఫికెట్ల బీరువా పక్కన మేకుకు వేలాడుతున్నది. అంకెలు కొన్ని చెరిగిపోయాయి. దసరాకు వచ్చినప్పుడు మనుమరాలు అలాంటిదే ఇంకొకటి కావాలని అడిగితే, బజారంతా తిరిగి చెక్క చట్రం ఉన్నది ఒకటి సంపాదించి ఇచ్చాను. హాస్టలు గదిలో కుండీలో అత్తిపత్తి పెంచుతున్నదట. ఆకు ముడుచుకుని మళ్ళీ విచ్చుకోవడానికి ఎంతసేపు పడుతున్నదో రోజూ దాని మీద రాస్తున్నానని ఫోను చేసింది.